పేరులో పెరిగిన మూడక్షరాలు

పేరు పొడిగించుకోవడం, కుదించుకోవడం మన సినిమా తారలకూ, సంఖ్యాశాస్త్రం నమ్మినవారికీ మాత్రమే తెలిసిన విద్య అనుకోకండి. 1798 మే నెలలో మన దేశంలోనే కొలువు చేస్తున్న ఒక పటాలం కర్నలు అప్పటిదాకా ‘వెస్లీ’ అని చేస్తూ వచ్చిన సంతకాన్ని చాలించి, ‘వెల్లెస్లీ’ అని చెయ్యడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో ఆరక్షరాల పేరు తొమ్మిదక్షరాలయి కూర్చుంది. ఆయన ఆర్థర్ వెల్లెస్లీ. 1769లో ఐర్లండు దేశపు డబ్లిన్ నగరంలో పుట్టి, 1815లో వాటర్లూ దగ్గర నెపోలియనును ఓడించిన మనిషి.

ఎక్కడి ఐర్లండు, ఎవరి సంతకం, మనకేం పని అంటారా? ఉంది. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ వెళ్లే మెట్రో రైలులో మూసారాంబాగ్ స్టేషను దగ్గర రోజూ ఎక్కీ దిగేవారందరికీ ఆ పొడుగు పేరుతో ఒక లంకె ఉంది. అయితే ముందు ఆ ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు చెప్పనివ్వండి. అవి మన ఇళ్లలో జరిగే భాగవతాలకు బాగా దగ్గరగా ఉంటాయి.

ఆ పేరు మొదట ఊరిపేరు. ఇంగ్లండులో సోమర్సెట్ అనే జిల్లాలో వెల్లెస్లీ అనే చోటు నుంచి ఒక కుటుంబం మధ్యయుగాలలో ఐర్లండు వలసపోయి, మీథ్ జిల్లాలో డాంగన్ అనే చోట భూములు సంపాదించి స్థిరపడింది. ‘ఫలానా ఊరివాళ్లు’ అనే అర్థంలో ‘ద వెల్లెస్లీ’లని పిలిచేవారు. మన చెరుకూరివారు, పాలకుర్తివారు అయినట్టే నన్నమాట. అసలు ఐరిష్ పేర్ల సంప్రదాయం ఇది కాదు. వాళ్లలో ‘ఓ’ అంటే మనుమడు, ‘మాక్’ అంటే కొడుకు. తాతపేరూ తండ్రిపేరూ చెప్పుకునే తీరు వాళ్లది. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో చాలామంది ఆ ‘ఓ’నూ ‘మాక్’నూ వదులుకున్నారు. వెల్లెస్లీలు ఆ పాత జాతివారు కారు, వచ్చి దిగినవారు. కాని ఆరేడు తరాలు ఒక నేల తిండి తిన్నాక నోరు ఊరుకోదు గదా! పలికి పలికి మధ్యలోని అక్షరాలు అరిగిపోయి, వెల్లెస్లీ కాస్తా వెస్లీ అయింది.

ఇక్కడ ఒక చిత్రమైన కథ. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో డాంగన్ జమీందారు గారెట్ వెస్లీకి పిల్లలు లేరు. ఇంగ్లండులో ఇదే ఇంటిపేరుగల పాదిరీ ఇల్లు ఒకటి ఉంది. ఆ ఇంటాయన సామ్యూల్. ఈయన పేరులో మొదట ఒక ‘ట’కారం కూడా ఉండేది, వెస్ట్‌లీ అని, దాన్ని ఆయనే తీసేశాడు. ఆయన కొడుకులలో చార్లెస్ అనే కుర్రవాడిని వారసుడుగా తీసుకుంటానని గారెట్ కబురుచేశాడనీ, ఆ కుర్రవాడు ‘నాకొద్దు’ అన్నాడనీ ఆ వంశంలో చెప్పుకుంటారు. ఈ చార్లెస్, ఆయన అన్న జాన్ కలిసి తరువాత మెథడిస్టు మతశాఖను నడిపారు. చార్లెస్ కీర్తనలు రాశాడు. జాన్ గుర్రం మీద దేశమంతా తిరిగి బోధించాడు, ఒక్క ఐర్లండుకే 21 సార్లు వెళ్లాడు.

చార్లెస్ ఒద్దన్న ఆస్తి 1728లో రిచర్డ్ కోలీ అనే బంధువుకు దక్కింది. ఆస్తితోపాటు ఇంటిపేరూ పుచ్చుకుని ఆయన రిచర్డ్ కోలీ వెస్లీ అయ్యాడు. దత్తత వెళ్లిన పిల్లవాడు ఇంటిపేరూ గోత్రమూ మార్చుకోవడం మనకు కొత్త గనకనా! అంచేత మన కర్నలుగారి ఒంట్లో తాతల నాటి నుంచి పారుతున్నది కోలీల నెత్తురు. ఇంటిమీద పలక మాత్రం వెస్లీలది. ఈ సంగతి గుర్తుంచుకోండి. పేరును పొడిగించి పాతకాలపు మెరుగు పెట్టాలన్న ఆరాటం ఇలాంటి ఇంట్లోనే ఎక్కువ.

ఈ కథంతా నాకు ఇప్పుడు ఎందుకు తట్టిందంటే, ఎల్బీనగర్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం. వారి ఇంటిపేరు నేను బయటపెట్టను. ఊరిపేరు మీద వచ్చినది, చివర ‘పల్లి’ ఉంది. మామగారి పట్టాదారు పుస్తకంలో తెలుగులో శుభ్రంగా ఉన్నదట. భర్తగారి సర్వీసు పుస్తకంలో ఇంగ్లీషున ఆ పల్లి చివర ‘ఐ’ అక్షరం. కూతురు పదో తరగతి సర్టిఫికెట్టులో ‘వై’ అక్షరం. ఇప్పుడు అమ్మాయి బి.టెక్. పూర్తి చేసి పైచదువుకు అమెరికా వెళ్లాలని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీ చుట్టూ తిరుగుతున్నది. అక్కడ ఎవరో స్నేహితురాలు, “ఇంత పొడుగు పేరు అక్కడ ఎవరికీ నోరు తిరగదు, ‘పల్లి’ తీసేసి ముందు సగం ఉంచుకో” అన్నదట. అమ్మాయికి ఆ మాట నచ్చింది. తాతగారికి తెలిసింది. “ఊరు అమ్ముకున్నాం, పేరూ అమ్ముకుంటారా?” అన్నారట. పదిరోజులుగా మనుమరాలితో మాట్లాడడం లేదు. భోజనం కూడా ఆ పిల్ల వడ్డిస్తే కూర్చోవడం లేదు. “ఈ ముసలాయన కంటనీరూ చూడలేను, పిల్ల ఉత్సాహమూ కాదనలేను, మీరేమంటారు?” అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ మామగారి బాధ వట్టి చాదస్తం కాదు. జవాబుకు మళ్లీ వస్తాను గాని, ముందు అయిదుగురు అన్నదమ్ముల సంగతి వినండి. తాతగారికి కూడా చదివి వినిపించండి.

రిచర్డ్ కోలీ వెస్లీ కొడుకు మార్నింగ్టన్ ప్రభువు మంచి సంగీత విద్వాంసుడు, డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో సంగీతాచార్యుడు. ఆయన కొడుకులు రిచర్డ్, విలియం, ఆర్థర్, జెరాల్డ్, హెన్రీ. పెద్దవాడు రిచర్డుకు తన వంశం ఎంత పాతదో లోకానికి తెలియాలనే పట్టుదల ఎక్కువ. అరిగిపోయిన అక్షరాలను పాత పత్రాలలోంచి తీసి, వెల్లెస్లీ అని రాయడం అతనే మొదలెట్టాడు. 1798లో గవర్నరు జనరలుగా వచ్చి దిగాడు. అన్న దొరగారు వస్తున్నాడు, అన్న ఒక తీరూ తమ్ముడు ఒక తీరూ రాస్తే బాగుండదు గదా! అప్పటికి ఏడాదిగా ఈ దేశంలో ఉన్న ఆర్థర్ సంతకం ఆ వేసవిలోనే పొడుగయింది.

రెండో వాడు విలియం, పోల్ అనే బంధువు ఆస్తి కలిసిరాగా వెల్లెస్లీ-పోల్ అయ్యాడు. ఆర్థరుకు 1809లో బిరుదు ఇస్తామన్నప్పుడు అతను స్పెయినులో యుద్ధం మీద ఉన్నాడు. పేరు ఎంచే పని విలియం మీద పడింది. సోమర్సెట్ పటం చూసి, వెల్లెస్లీకి దగ్గరలో, చెవికీ దగ్గరగా వినిపించే వెల్లింగ్టను అనే ఊరిని ఎంచాడు. అంతే, లోకం దృష్టిలో ఆర్థర్ మరి వెల్లెస్లీ కాడు. మన నీలగిరులలోని వెల్లింగ్టను కంటోన్మెంటు పేరు ఆ వరసదే. ఆఖరివాడు హెన్రీ 1828లో ప్రభువైనప్పుడు కౌలీ అని బిరుదు పెట్టుకున్నాడు. మన కౌలుతో సంబంధం లేదు లెండి. తాతగారు వదిలివచ్చిన కోలీకి అది మరో రూపం. నూరేళ్ల తరువాత పేరు తిరిగి పుట్టింటికి వెళ్లిందన్నమాట. పేరు పొడిగించిన పెద్దాయనకు 1799లో మార్క్విస్ బిరుదు ఇచ్చారు గాని, అది ఇంగ్లండుది కాక ఐర్లండుది. పూత పూసిన ఐరిష్ బంగాళాదుంప చేతిలో పెట్టారని ఆయన మండిపడ్డాడు. ఏ దేశంలో తన వంశం పాతదని అక్షరాలు వెదికి తెచ్చాడో ఆ దేశపు బిరుదు ఆయనకు తక్కువయింది!

ఒక తల్లి బిడ్డలు అయిదుగురు. చివరకు వెల్లెస్లీ అన్న పేరును మార్పు లేకుండా మోసినవారు ఇద్దరే.

ఇప్పుడు మూసారాంబాగ్‌కు రండి.

ఆ రోజులలో నిజాం అలీఖాన్ కొలువులో రేమోఁ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1755లో ఫ్రాన్సు దక్షిణాన గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. పాండిచేరి వచ్చి, మైసూరు పక్షాన పోరాడి, 1786లో నిజాం దగ్గర చేరాడు. కొద్దిమందితో మొదలుపెట్టి పద్నాలుగు వేల దాకా సిపాయిలను ఫ్రెంచి పద్ధతిలో తయారుచేశాడు. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ, జనం ‘తోప్ కా సాంచా’ అనేది, ఆయన ఫిరంగులు పోసిన చోటే. నిజాం సర్కారుకు ఆయన మీద గురి. కుంపిణీ వారికి మాత్రం కంట్లో నలుసు. 1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. వెల్లెస్లీ దొర కలకత్తా చేరింది ఆ తరువాత రెండు నెలలకు లోపే.

దొరగారు కాలయాపన చెయ్యలేదు. సెప్టెంబరు 1న నిజాముతో సైన్యసహకార ఒప్పందం కుదిరింది. అక్టోబరులో గుంటూరు నుంచి కుంపిణీ పటాలాలు నడిచివచ్చి దిగాయి. ఫ్రెంచి అధికారులను కొలువునుంచి తీసేశామని నిజాం హుకుం రాగానే, జీతాలు బాకీపడిన సిపాయిలు కంగారెత్తి తమ అధికారులనే పట్టి నిర్బంధించారు. మర్నాడు, అక్టోబరు 22న, చుట్టూ ఇంగ్లీషు ఫిరంగులు మోహరించగా పదకొండు వేలమందికి పైగా ఆయుధాలు కింద పెట్టారు. నెత్తురు చుక్క నేల రాలలేదు. ఆనాటి నుంచి 1947 దాకా హైదరాబాదు సంస్థానం నడిచింది ఆ ఒప్పందం చూపిన బాటలోనే. వెల్లెస్లీ అనే కొత్త సంతకానికి ఇది మొదటి పెద్ద గెలుపు. తమ్ముడు ఆర్థరుకు మరుసటి ఏడు టిప్పు మీద యుద్ధంలో నిజాం సేనను అప్పగించారు.

గెలిచినవాడి పేరు ఆ వైపు ఎక్కడన్నా మిగిలిందా అంటే, మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్టేషన్ల పలకలన్నీ చదవండి. విక్టోరియా మెమోరియల్ ఉంది. అది అనాథశరణాలయం పుణ్యాన నిలిచిన రాణిగారి పేరు. వెల్లెస్లీ లేడు. ఓడిన దండు నాయకుడు మాత్రం ఉన్నాడు. ‘మొస్యూ రేమోఁ’ అన్నది మన జనం నోట ‘మూసా రాం’ అయిందంటారు. హిందువులు ఆయనను మూసా రాం అన్నారు, ముసల్మానులు మూసా రహీం అన్నారు. మోషే ప్రవక్త పేరు ఒక పక్క, రాముడి పేరు ఒక పక్క. గాస్కనీలో ఆయనకు నామకరణం చేసిన పాదిరీ వింటే ఏమనేవాడో! ఆయన తోట మూసారాంబాగ్. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర అస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి ఉంది. ఇరవై అడుగుల పైచిలుకు రాతిస్తంభం, దానిమీద ‘జె, ఆర్’ అని రెండక్షరాలు, పక్కన స్తంభాల మంటపం. ఈ శతాబ్దం మొదట్లో వానలకు ఆ మంటపం కూలితే మళ్లీ కట్టారు. 1940 దాకా ఏటా మార్చి 25న జనం అక్కడకు వెళ్లి దీపధూపాలు పెట్టేవారట. అతని మతమేమిటి, ఏ దేశంవాడు అని ఎవరూ అడిగినట్టు లేదు. ఇంగ్లీషులో ఇప్పుడు ఆ పేటపేరు రెండు ‘ఓ’లతో ఒక కొట్టు మీద, ఒక ‘యు’తో ఇంకో కొట్టు మీద కనిపిస్తుంది. అది చదవలేక దారి తప్పినవాడిని నేను చూడలేదు.

ఆ దారిలో మిగతా పేర్లూ ఇలాంటివే. దిల్‌సుఖ్‌నగర్ భూములు ప్లాట్లుగా వేసిన దిల్‌సుఖ్ రాం పర్షాద్ పేరిట వెలిసిందంటారు. సరూర్‌నగర్ నిజాం దివాను అరిస్తూ జా భార్య సరూర్ అఫ్జా పేరు మీద వచ్చిందంటారు. ఇక ఎల్బీనగర్ సంగతి చూడండి. లాల్ బహదూరు గారి ఇంటిపేరు శ్రీవాస్తవ. కులం తెలియజేస్తుందని ఆయన దాన్ని చిన్ననాడే వదిలేశారు. శాస్త్రి అన్నది 1925లో కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టం. పట్టం పేరయింది, పేరు ఊరయింది, ఊరు బస్సు బోర్డుమీద పట్టక రెండక్షరాలయింది. ఇంటిపేరు ఒదులుకున్న మహానుభావుడి ఊళ్లో కూర్చుని ఇంటిపేరు గురించి కీచులాట పడుతున్నామని మీ మామగారికి నెమ్మదిగా చెప్పి చూడండి, నవ్వుతారేమో.

ఆ చిన్నపేరు, వెస్లీ, ఏమయిందో చెప్పకపోతే కథ సగమే. అది ఫిరంగులతో కాక బడిపుస్తకాలతో వచ్చింది. వెస్లియన్ మిషను వారు పందొమ్మిదో శతాబ్దం చివర సికిందరాబాదులో గుడులూ బడులూ పెట్టారు. అక్కడి వెస్లీ బడులలో చదువుకున్న పిల్లలు ఏ మతం ఇళ్లలోనైనా కనిపిస్తారు. ఆ మిషనువాడే పాస్నెట్టు దొర మెదకులో పెద్ద గుడి కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించారు. డాంగన్ జమీందారు ఆస్తి ఒద్దన్న కుర్రవాడి ఇంటిపేరు మన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో పిల్లలకు పెట్టే పేరయిపోయింది. వెస్లీ, వెస్లి, వెస్లే అని మనవాళ్లు మూడు రకాలుగానూ రాసుకుంటారు. 2025 జనవరిలో తెలంగాణ మార్క్సిస్టు పార్టీ రాష్ట్ర కార్యదర్శిగా ఎన్నికైన ఆయన పేరు కూడా జాన్ వెస్లీయే! పద్దెనిమిదో శతాబ్దపు బోధకుడు ఇది ఊహించి ఉండడు. నిజానికి వెస్లీకీ వెల్లెస్లీకీ మధ్య ఉన్నది మూడు ఇంగ్లీషు అక్షరాలే. ఒకటి మన పిల్లల హాజరుపట్టీలోకి వచ్చింది, ఒకటి చరిత్ర పాఠంలోనే ఉండిపోయింది.

ఇక జవాబు. అమ్మా, తాతగారి పక్షాన ఒక మాట, అమ్మాయి పక్షాన ఒక మాట చెబుతాను.

ఇంగ్లీషువాడి నోటికోసం ‘పల్లి’ని ఇప్పుడు కాగితాల మీద కొయ్యవద్దు. తాతగారి కోపం కోసం కాదు, అమ్మాయి క్షేమం కోసమే. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకటి, డిగ్రీలో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి ఉంటే ప్రతి కిటికీ దగ్గరా నిలబడి ‘నేనే ఆవిడను’ అని ప్రమాణపత్రం ఇచ్చుకోవలసిందే. మనవాళ్లు ఇంకో పొరపాటు కూడా చేస్తారు. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా పెట్టుకుని, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు అమెరికా వీసా మీద సొంతపేరు ఇంటిపేరు గడిలోకి పోయి, సొంతపేరు ఉండవలసిన చోట ‘ఎఫ్, ఎన్, యు’ అని పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని తాత్పర్యం. ఇరవై రెండేళ్లు పెంచిన పిల్లకు పేరు తెలియదని రాయించుకోవడం మనకెందుకు? కనుక పదో తరగతి సర్టిఫికెట్టులోని ‘వై’నే ప్రమాణంగా పట్టుకుని, ఇంటిపేరు ఇంటిపేరు గడిలో పూర్తిగా, సొంతపేరు సొంతపేరు గడిలో పూర్తిగా రాయించండి. తండ్రిగారి ‘ఐ’ సంగతి అంత కంగారుపడవలసింది కాదు. ఎక్కడన్నా అడ్డుపడితే, ఇద్దరూ ఒక ఇంటివారేనని ప్రమాణపత్రం సరిపోతుంది. తప్పు నిజంగా సర్టిఫికెట్టులోనే ఉందనిపిస్తే బడి ద్వారా బోర్డుకు రాసుకునే దారి ఉంది. కాని అది విదేశీ దరఖాస్తుకు వారం ముందు మొదలుపెట్టే పని కాదు.

ఇక అక్కడి స్నేహితులు ఆమెను సగం పేరుతో పిలిస్తే పిలవనివ్వండి. అది నోటి సంగతి, కాగితం సంగతి కాదు. ఈ మాట తాతగారికి విడమరిచి చెప్పండి. మనుమరాలిచేత ఆ ఊరిపేరు తెలుగులో ఒకసారి రాయించి, అది ఏ తాలూకా ఊరో, చెరువు ఏ పక్కనో, ఎప్పుడు వదిలి వచ్చారో ఆయనచేతనే చెప్పించండి. మీ ఉత్తరం చూస్తే పిల్ల ఆ ఊరు ఎన్నడూ చూసినట్టు లేదు. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఆ వైపు బస్సులు ఉండనే ఉన్నాయి గదా, వీసా పని తెమిలేలోపు ఒక ఆదివారం ముగ్గురూ వెళ్లిరండి. అప్పటికీ ఆయన ఆమె చేతి భోజనం కాదంటే నాకు మళ్లీ రాయండి.